ఏసీ గదిలో అన్యాపదేశం

తెలుగులో నాకు అర్థం కాని పద్యం ఇంతవరకూ పుట్టలేదు. పుట్టినా నా ముఖం చూడగానే సిగ్గుపడి, తన అర్థం తానే చెప్పేసుకుంటుంది. నిద్రలో లేపి అడగండి, తాత్పర్యం చెబుతాను, అలంకారం చెబుతాను, ఆ పూట కవిగారింట్లో ఏం కూర వండారో అది కూడా చెబుతాను. అంతటివాణ్ణి కనకనే సత్యరాజు మాస్టారి కథ చెప్పడానికి పూనుకున్నాను.

రెండువేల సంవత్సరం, మే నెల. జావా అనే మాట అమీర్‌పేట గాలిలో దుమ్ముకన్నా దట్టంగా తిరుగుతున్న రోజులు. గోడ కనబడితే పోస్టరు, ఆ పోస్టరు మీద ఇంకో పోస్టరు. అంటించీ అంటించీ మైత్రీవనం చుట్టుపక్కల మేడలన్నీ జానెడు లావెక్కాయి. ఒక మేడను పడగొడితే ఇటుకలన్నీ రాలిపోయాక కూడా కాగితాల గోడ మాత్రం నిటారుగా నిలబడే ఉంది. దాని మీద అప్పటికప్పుడు ఎవడో వచ్చి మరో పోస్టరు అంటించి పోయాడు.

అలాంటి మేడల్లో ఒకదానిలో, రెండో అంతస్తు చివరి గది సత్యరాజుది. పోటీ పరీక్షలకు తెలుగు సాహిత్యం తీసుకునేవాళ్ళకీ, లెక్చరర్ ఉద్యోగాలకు చదివేవాళ్ళకీ అక్కడ పాత కవిత్వం చెబుతాడు. నరసాపురం దగ్గర గోదావరి ఒడ్డు మనిషి. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్తాడు, సోమవారం అదే చొక్కాతో ప్రబంధం చెబుతాడు. “ఆ నోటితోనే ఇదెలాగండీ?” అని ఎవరైనా ఎగతాళి చేస్తే, “రెండు చోట్లా ఉపమానాలే కదండీ” అని నవ్వేవాడు. అతను పద్యం ఎత్తుకుంటే ఒకప్పుడు చోటు లేక పిల్లలు కిటికీ గట్ల మీద కూర్చుని వినేవారు. తర్వాత తర్వాత గట్లు ఖాళీ అయ్యాయి, ఆ తర్వాత బెంచీలు. కిందటి బ్యాచిలో ముగ్గురు చేరారు. అందులో ఒకడు మధ్యలో ఒరాకిల్ కోర్సు నుంచి పిలుపు వచ్చి లేచిపోయాడు.

ఇన్‌స్టిట్యూట్ యజమాని హనుమత్ప్రసాద్. అతనిదీ కోస్తానే. చెడ్డవాడు కాదు, లెక్క తెలిసినవాడు. ఒక సాయంత్రం సత్యరాజును తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు.

“మాస్టారూ, గురువారం మీకో డెమో పెడుతున్నాను. పదిమంది చేరారంటే గది మీది. చేరలేదంటే...”

“చేరకపోతే ఏంటండీ?”

“కింద ఎంక్వైరీ బల్ల దగ్గర మనిషి కావాలి. మీ గొంతు బాగుంటుంది కదా.”

ఆ బల్ల సత్యరాజుకు తెలుసు. మెట్ల ముందు ఆరుబయట ఉంటుంది, ఎండా వానా రెండూ దాని మీదే పడతాయి. యాభై దాటినవాడికి, ఒక్క పద్యం తప్ప మరో పని రానివాడికి, ఆ బల్ల ఏమిటో చెప్పనక్కరలేదు.

“డెమో అంటే మీకో కిటుకు చెబుతాను, వినండి” అన్నాడు హనుమత్ప్రసాద్ ముందుకు వంగి. “మన జావా సర్ ఏం చేస్తాడో చూశారా? బోర్డు మీద ప్రోగ్రాం అంతా రాస్తాడు. కుర్రాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటారు. ఇక నడిపించడమే తరువాయి అనగా సుద్దముక్క కింద పెట్టేసి, ‘ఏం వస్తుందో రేపు చూద్దాం’ అంటాడు. అంతే! రేపటికి ఫీజు పట్టుకుని క్యూ కడతారు. మీరూ అంతే. పద్యం చదవండి, పైపై అర్థం చెప్పండి. లోపలి సంగతి మాత్రం చెప్పకండి.”

“లోపలి సంగతి చెప్పకపోతే పద్యం ఎందుకండీ? అన్నం వడ్డించి విస్తరి లాక్కున్నట్టుంటుంది.”

“లాక్కోవాలి మాస్టారూ! అమీర్‌పేటలో కడుపు నిండినవాడు మళ్ళీ రాడు.”

ఉచిత డెమో మన అమీర్‌పేట ఆచారం. పెళ్ళికి పేరంటంలాగా ఏ కోర్సుకైనా ముందు డెమో ఉండాల్సిందే. జనం పగలంతా ఈ డెమో నుంచి ఆ డెమోకు తిరుగుతూ, ఒక్క రూపాయి కట్టకుండా సగం సగం చదువులు మోసుకుంటూ ఉంటారు.

సత్యరాజు ఆ సాయంత్రం నడిచే ఇంటికి వెళ్ళాడు. పంజగుట్ట మార్కెట్ వెనక ఒక పోర్షన్‌లో ఉంటారు, అతనూ భార్య యేసుమణీ. చెప్పులు విప్పుతూనే ఉత్సాహంగా చెప్పాడు.

“మణీ, నా గదిలో ఏసీ పెట్టించారు తెలుసా? నిన్ననే బిగించారు. మనిషిని పంపించెయ్యాలనుకునేవాడు ఏసీ పెట్టిస్తాడా చెప్పు!”

యేసుమణి బీరకాయ చెక్కు తీస్తోంది. కత్తిపీట మీద చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆమె ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు. ఆ ఏడాదే వాళ్ళ టైపు మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టారు. కంప్యూటర్లు రావడానికి వారం ముందు ఏసీ వచ్చింది. అప్పుడు వాళ్ళంతా అది తమకోసమేననుకుని చప్పట్లు కొట్టారు.

“చల్లగా ఉందా?” అంది.

“గోదావరి గాలే అనుకో!”

“అయితే ఆ లేతనీలం చొక్కా ఇస్త్రీ చేస్తాను” అని లోపలికి వెళ్ళింది.

గురువారం వచ్చింది. ఆ రోజు ఎండ ఎలాంటిదంటే, పంజగుట్ట చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగిన బస్సు నీడలోకి వెనక బస్సు దూరడానికి చూసింది. అదే వేళకు పక్కగదిలో జావా డెమో కూడా ఉంది. ఆ జావా సర్ పగలు ఏదో కంపెనీలో పనిచేస్తాడు, ఎక్కడో ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడు. అతని గది తాళం అతని దగ్గరే ఉంది. కుర్రకారంతా మెట్ల మీద చెమటలు కక్కుతూ నిలబడ్డారు. మెట్లు చాలక కొందరు ఒకరి భుజాల మీద ఒకరు... సరే, అది తీసేద్దాం, మెట్ల మీదే నిలబడ్డారు.

ఆఫీసు మనిషి మొగిలయ్యకు వాళ్ళను చూసి జాలేసింది.

“గీడ ఎందుకు సస్తున్నరు? గా చివరి రూముల ఏసీ ఉత్తగనే నడుస్తుంది. జర పోయి కూసోండ్రి. మీ సర్ అచ్చినంక నేనే ఒర్రుత.”

అంతే. ఒకళ్ళ వెనక ఒకళ్ళు గదిలోకి వచ్చేశారు. బెంచీలు నిండాయి. గోడల పక్కన నిలబడ్డారు. చాలా ఏళ్ళ తర్వాత ఒక కుర్రాడు కిటికీ గట్టు మీద కూర్చున్నాడు.

బోర్డు తుడుస్తున్న సత్యరాజు వెనక్కి తిరిగి, ఆ గట్టు మీది కుర్రాణ్ణి చూసి, డస్టరు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. పదిమంది అన్నాడు హనుమత్ప్రసాద్. ఇక్కడ పదిమంది ఒక్క బెంచీలోనే ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఏదో పసుపుపచ్చ కాగితం ఉంది. తాను పంచిన కాగితం తెలుపు. కానీ ఆ నిమిషంలో అతనికి రంగులు కనిపించలేదు.

“కూర్చోండి, కూర్చోండమ్మా, సర్దుకోండి” అంటూ డస్టరు బల్ల మీద పెట్టాడు. “ఇవాళ మనం ఒక పాత చాటుపద్యం చూద్దాం. ఎవరు రాశారో తెలియదు. ఏ కాలానిదో తెలియదు. గోదావరి ఒడ్డున మా తాత నోట విన్నాను.”

పద్యం బోర్డు మీద రాసి, ఎత్తుకున్నాడు. ఆ గొంతుకు కిందనున్న టీకొట్టులో గ్లాసులు గలగలమని ఆగాయి. ఆ టీకొట్టు బెంచీ మీదే నేనూ ఉన్నాను.

*ఏరు దవ్వుగఁ బోయె. నీ వెటకుఁ బోదు*
*వోడ! యిసుకలో నిలిచితి వొంటిగాను;*
*ఎండ కోర్వక నీ నీడ నెవరొ యాగ*
*దాటువారని మురియుటే తడవు తడవు!*

ఇక్కడ ఒక్క మాట. నాకు అర్థం కాని పద్యం లేదన్నాను చూశారూ? ఇది నాకు ముక్క అర్థం కాలేదు. ఇదే కాదు, ఏదీ కాదు. మా ఊరి బళ్ళో అయిదో తరగతి బెంచీకి నా మీద ప్రేమ ఎక్కువై రెండేళ్ళు వదల్లేదు, ఆ తర్వాత నేనే దాన్ని వదిలేసి వచ్చాను. కనక ఇకమీదట అర్థమంతా సత్యరాజుదే. అతను చెప్పింది చెప్పినట్టు మీకు అప్పగిస్తున్నాను.

“ఏరు దారి మార్చుకుని దూరంగా పోయింది. ఓడా, నువ్వెక్కడికి పోతావు? ఇసుకలో ఒంటరిగా నిలబడిపోయావు. ఎండ భరించలేక ఎవరో నీ నీడలో కాసేపు ఆగితే, నదిని దాటడానికి వచ్చారని ప్రతిసారీ మురిసిపోవడమేనా? ఇదీ పైఅర్థం.”

“సార్, గా ఓడకు కింద చక్రాలు పెడితే అయిపాయె గద!” అన్నాడు గట్టు మీది కుర్రాడు. పేరు దుర్గేష్. గదంతా నవ్వింది.

సత్యరాజూ నవ్వాడు. “పెట్టొచ్చు నాయనా. కానీ కవి ఓడతోనే మాట్లాడుతున్నాడంటావా? ఓడకు చెవులున్నాయా?”

“లేవు సార్.”

“మరి ఎవరితో? మీ అద్దె ఇంటి యజమాని ఎప్పుడైనా నీళ్ళ మోటారును తిట్టాడా? ‘ఎంతసేపు తిరుగుతావే మోటారూ, నీకు సిగ్గుందా’ అని?”

“రోజూ తిడ్తడు సార్!” “మా ఓనరమ్మ అయితే బకెట్‌ను తిడుతుంది!” నాలుగు వైపుల నుంచీ కేకలు.

“తిట్టు మోటారుకు. తగిలేది ఎవరికి?”

“మాకే!”

“అదే అన్యాపదేశం. ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరి మీద పెట్టి చెప్పడం. ఎదురుగా అంటే నొచ్చుకుంటాడని కవి పక్కనున్న చెట్టుతో అంటాడు, పిట్టతో అంటాడు, ఓడతో అంటాడు. వినాల్సినవాడు వింటాడు. అందులో మర్యాద ఉంది. ఒక్కోసారి మర్యాద ఉండటం వల్లే దెబ్బ లోతుగా దిగుతుంది.”

ఏసీ చప్పుడు తప్ప మరేం లేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి హాస్టళ్ళలో ఇరుక్కుని ఉంటున్న పిల్లలు, తిన్నారో లేదో కూడా తెలియదు, అందరూ బోర్డు వైపే చూస్తున్నారు. ఆ క్షణంలో వాళ్ళు నిజంగానే విన్నారు. అది మాత్రం నేను ఎవరి మీదైనా ఒట్టేసి చెబుతాను.

“మరి ఈ పద్యంలో ఓడ ఎవరు? ఎవరిని ఉద్దేశించి అన్నాడు?” సత్యరాజు సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గరికి నడిచాడు. ఈ జవాబు ఎన్ని బ్యాచులకు చెప్పి ఉంటాడో. రాజు ఆదరణ పోయాక కూడా కొలువు వాకిట్లో కాచుకున్న పండితుడు, నలుగురు పలకరిస్తే పాతరోజులు వచ్చాయనుకునేవాడు. నాలుక మీదే ఉంది. కిటుకులేవీ వద్దనుకున్నాడు. మొత్తం చెప్పేస్తాడు, విస్తరి లాగడు.

ముందు బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. పేరు సుమశ్రీ.

“సార్, ఆ ఓడకు తెలుసా?”

“ఏంటమ్మా?”

“వాళ్ళు నీడ కోసమే వచ్చారని. ఓడకు తెలిసే మురిసిపోతోందా, తెలియకనా?”

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. సత్యరాజు కూడా తనను తాను అడగలేదు. జవాబు చెప్పబోయి, ఆ పిల్ల ముఖం చూడబోయి, ఆమె ఒళ్ళోని పసుపుపచ్చ కాగితం చూశాడు. దాని మీద పెద్ద అక్షరాలతో జావా అని ఉంది. పక్క అమ్మాయి చేతిలోనూ అదే. వెనక కుర్రాడు అదే కాగితంతో విసురుకుంటున్నాడు. బెంచీ బెంచీకీ, గోడ పొడుగునా, గట్టు మీదా, అదే పసుపుపచ్చ. చల్లగాలికి అన్నీ కొంచెం కొంచెం రెపరెపలాడుతున్నాయి.

“ఓడకు...” అన్నాడు.

“జావా సర్ అచ్చిండు! డెమో షురూ! ఉర్కుండ్రి!” మొగిలయ్య వరండాలోంచి ఒర్రాడు.

బెంచీలు గీరుకున్నాయి. “థాంక్యూ సార్.” “మస్తు చెప్పిండ్రు సార్.” “చల్లగుండె సార్ మీ దగ్గర.” దుర్గేష్ గట్టు మీంచి దూకి, పోతూ పోతూ బోర్డుకు నమస్కారం పెట్టాడు. సుమశ్రీ గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి చూసింది. వెనక నుంచి వస్తున్నవాళ్ళు తోశారు, వెళ్ళిపోయింది. బస్సు వస్తే స్టాపు ఖాళీ అయినట్టు గది ఖాళీ అయింది.

సత్యరాజు సుద్దముక్క ఇంకా పట్టుకునే ఉన్నాడు. ఏసీకి ఎదురుగా నిలబడ్డాడు. దాని పక్కన గోడకు కొత్తగా బిగించిన ప్లగ్గులు వరసగా ఉన్నాయి, ఒక్కో బల్లకు ఒక్కోటి చొప్పున. ఏసీ పెట్టిన రోజు నుంచీ అవి అక్కడే ఉన్నాయి. ఇంటి దగ్గర కత్తిపీట మీద ఆగిన యేసుమణి చెయ్యి ఇప్పుడు గుర్తొచ్చింది.

మొగిలయ్య లోపలికి వచ్చి స్విచ్చు కట్టేశాడు. “ఉత్తగెందుకు సార్ కరెంటు” అన్నాడు. ఆ మాటలో ఏ ఎత్తిపొడుపూ లేదు పాపం.

హనుమత్ప్రసాద్ మాత్రం వరండాలో ఎదురై భుజం తట్టాడు. “అమ్మ మాస్టారూ! కిటుకు వద్దు వద్దంటూనే సరిగ్గా ఆపాల్సిన చోట ఆపారే! గుమ్మం అవతల నిలబడి విన్నాను. నాకే రేపు రావాలనిపించింది. చూద్దాం, రేపు ఎంతమంది వస్తారో.”

అది వేళాకోళమో ఊరడింపో సత్యరాజుకు తెలియలేదు. కానీ మనిషి ఎంత పిచ్చివాడో చూడండి, మర్నాటికి మళ్ళీ ఆ లేతనీలం చొక్కాయే వేసుకొచ్చాడు. యేసుమణి వద్దనలేదు. చొక్కా రాత్రే ఉతికి ఆరేసింది. అమీర్‌పేట ఆచారం ప్రకారం సగంలో ఆగిన దాని కోసం జనం వస్తారు కదా. అతనూ సగంలోనే ఆగాడు కదా.

శుక్రవారం ఏసీ వెయ్యలేదు. బెంచీలు ఖాళీ. పక్కగదిలోంచి, నిన్న బోర్డు మీద ఆగిపోయిన ప్రోగ్రాం ఇవాళ నడిచినట్టుంది, ఓహో అని ఒక్కసారిగా కేకలు వినిపించాయి. పద్యం బోర్డు మీద అలాగే ఉంది. ఎండ కిటికీలోంచి పాకి మొదటి పాదం దాకా వచ్చింది.

అప్పుడు తలుపు కదిలింది. సుమశ్రీ.

“సార్, నేను జావాలో చేరిపోయాను. ఫీజు కూడా కట్టేశాను” అంది, తప్పు చేసినట్టుగా. “కానీ ఓడ సంగతి... రాత్రి నిద్ర పట్టలేదు. చెప్పేసి పంపండి సార్.”

సత్యరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, ఎవరో పెద్దమనిషి వచ్చినట్టు.

“తెలుసమ్మా. ఓడకు తెలుసు. తెలియనట్టు ఉండకపోతే వాళ్ళు మొహమాటపడి నీడలోంచి లేచి ఎండలోకి పోతారు. అందుకని మురిసినట్టు ఉంటుంది.”

ఆ పిల్ల తలూపింది. కళ్ళు నిండాయి. నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు ఆగేదాకా సత్యరాజు నిలబడే ఉన్నాడు.

సోమవారం కంప్యూటర్లు వచ్చాయి. మొగిలయ్య డస్టరు నీళ్ళలో ముంచి బోర్డు తుడిచాడు. తర్వాత ఆ బోర్డే తీసేశారు, తెల్లది పెట్టారు. సత్యరాజు కింద ఎంక్వైరీ బల్ల దగ్గర కూర్చుంటున్నాడు. గొంతు బాగుంటుందన్నది నిజమే. “జావా డెమో ఎక్కడండీ?” అని అడిగితే, “రెండో అంతస్తు, చివరి గది. ఏసీ ఉంటుంది, కూర్చోండి” అని పద్యం చదివినంత స్పష్టంగా చెబుతాడు. మేడ నీడ ఆ బల్ల మీద పడే వేళలో నలుగురైదుగురు బస్సు వచ్చేదాకా అక్కడే ఆగుతారు. అతను వాళ్ళ వైపు చూడడు.

మీకు ఒకటి చెప్పాలి. కాగితాల గోడ సంగతీ, బస్సు నీడలో దూరబోయిన బస్సు సంగతీ కాదు. అవి అబద్ధాలని మీకు వినగానే తెలుసు, నాకూ చెప్పగానే తెలుసు, వాటి గురించి మనకు పేచీ లేదు. గది నిండిందన్నది నిజం. వాళ్ళు విన్నారన్నది నిజం. ఆ అమ్మాయి చెయ్యెత్తి ఆ ప్రశ్న అడిగిందన్నదీ నిజమే. శుక్రవారం ఆమె తిరిగి వచ్చిందన్నది మాత్రం నేను కల్పించాను. మెట్లకు ఎదురుగా టీకొట్టు బెంచీ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను కదా, ఎక్కినవాళ్ళంతా జావాకే పోయారు. అతని గదికి ఎవరూ రాలేదని మొగిలయ్య కూడా అన్నాడు. ఓడకు తెలుసో లేదో సత్యరాజు ఎవరికీ చెప్పలేదు. ఆ జవాబు నేను అతని నోట పెట్టింది. అయిదో తరగతి వాడి జవాబు. సరైనదో కాదో అతన్ని అడుగుదామని ఒకసారి బల్ల దాకా వెళ్ళాను. ఎవరో కుర్రాడు అడ్డొచ్చి జావా డెమో ఎక్కడని అడిగాడు, అతను చెబుతున్నాడు. నేను వచ్చేశాను.